దేశానికి పద్దు రాసిన మోక్షగుండం

ఏటా సెప్టెంబరు 15 వచ్చిందంటే మా కర్నూల్లో ఇరిగేషన్ ఆఫీసుల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక ఫొటోకి పూలదండ పడుతుంది. మైసూరు తలపాగా, గుండీలన్నీ పెట్టుకున్న కోటు, కళ్లద్దాలు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఆయన పుట్టినరోజే ఇంజనీర్ల దినం కదా. ఆనకట్టలు కట్టించిన మహానుభావుడని రెండు ముక్కలు చెప్పి, స్వీటు పంచి, ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోతారు.

నేనూ చాలాకాలం ఆయన్ని ఆనకట్టల మనిషిగానే అనుకున్నాను. మా అమ్మాయి డిగ్రీ అయిపోయి ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేస్తానని పట్టు పట్టినప్పుడు ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా ఆడపడుచు దానికి బ్యాంకు పరీక్షల కోచింగ్ ఇప్పించమంది. దేశాల పేదరికం గురించి చదివితే మన ఇంట్లోకేమొస్తుందని మా వారు. అది మాట్లాడకుండా లైబ్రరీ నుంచి ఒక పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పే పుస్తకం. 1934లో అచ్చయింది. రాసిందెవరా అని చూస్తే మన ఇంజనీరు గారే! అప్పుడు మొదలుపెట్టాను ఆయన గురించి చదవడం.

ముందు మన ఊరి సంగతి చెప్పనివ్వండి. ఆయన పుట్టింది 1861లో, మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో. ఇంట్లో మాట్లాడింది మాత్రం తెలుగు. ములకనాటి కుటుంబం. ఇంటిపేరు మోక్షగుండం అంటే కంభం, గిద్దలూరు వైపున్న ఊరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా కర్నూలు జిల్లాలోనే ఉండేది. వాళ్ల పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు వైపు వలస వెళ్లారు. కరువు సీమ నుంచి జనం పొట్ట చేత పట్టుకుని పడమటికి పోవడం మనకేం కొత్త కాదుగా!

ఇంకో సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. ఆయన తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. ఆయన కన్నుమూసింది మన కర్నూల్లోనే. అప్పటికి విశ్వేశ్వరయ్య బడికి వెళ్లే పిల్లాడు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు పిల్లల్ని వెంటబెట్టుకుని ముద్దేనహళ్లికి తిరిగి వెళ్లిపోయారు. తుంగభద్ర ఒడ్డున భర్తను పోగొట్టుకుని, ఆ రోజుల్లో అంత దూరం ఆమె ఎట్లా వెళ్లిందో! ఆమె పడ్డ పాట్లు ఎవరూ రాయలేదు. రాసి ఉంటే కొడుకు కథ కంటే ముందు ఆ కథే చదివేదాన్ని.

ఆ 1870లలోనే మన జిల్లా మీద మహా కరువు విరుచుకుపడింది. 1876 నుంచి 1878 దాకా. ధాత కరువని పెద్దలు చెప్పుకునేది దాన్నే. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9 లక్షల 14 వేల మంది ఉంటే, 1881 నాటికి 6 లక్షల 78 వేల మందే మిగిలారు. కొందరు వలసపోయారు, ఎక్కువమంది ఆకలితో, జబ్బులతో పోయారు. చిత్రమేమిటంటే అప్పటికే కర్నూలు–కడప కాలువ ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా కట్ట కట్టి, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ 1860లలో తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. మన కేసీ కెనాలే. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు డబ్బు కట్టి నీళ్లు తీసుకునే అలవాటు లేదు. మామూలు రోజుల్లో ఆ నీళ్లు అడిగేవాళ్లే తక్కువ. కంపెనీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో సర్కారే కాలువను కొనేసింది. కాలువ తవ్వినంత మాత్రాన కరువు పోదు. నీళ్లు ఎవరికి, ఎంత, ఏ ధరకు, ఏ పంటకు అన్న లెక్క తేలాలి. ఆ లెక్కే తర్వాత విశ్వేశ్వరయ్య గారి జీవితమంతా నడిపింది.

చదువు సంగతి తొందరగా చెప్పేస్తాను. బెంగుళూరులో మేనమామ రామయ్య గారు ఆసరా. ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకుంటూ 1881లో బి.ఏ. పాసయ్యారు. మైసూరు సర్కారు స్కాలర్‌షిప్పుతో పూనాలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఆ స్కాలర్‌షిప్పే రాకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. తండ్రి లేని పిల్లాడు ఏ గుమాస్తాగానో ఆగిపోయేవాడు.

బొంబాయి రాష్ట్రంలో ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది గేట్లు కాదు, వంతు. పూనా చుట్టుపక్కల కాలువల మొదట్లో ఉన్న భూముల్లో చెరకు విపరీతంగా వేసేవారు. మొదట్లోని వాళ్లు నీళ్లు తాగినంత తాగితే, చివరి ఊళ్లకు చుక్క దిగేది కాదు. పైన నేల ఊటెక్కి, దోమలు చేరి జ్వరాలు, కింద ఎండిన పొలాలు. ఆయన 1899 ప్రాంతంలో బ్లాకు పద్ధతి అని ఒకటి పెట్టారు. భూమిని బ్లాకులుగా విడదీసి, ప్రతి బ్లాకులో కొంత భాగానికే చెరకు, మిగతా దాంట్లో తక్కువ నీళ్లతో సరిపెట్టుకునే పంటలు, వాటిని మార్చి మార్చి వేయడం. అట్లా ఒక ఊరికి పోయే నీళ్లు నాలుగు ఊళ్లకు సర్దుతాయి. పై రైతులు మొదట్లో ఊరుకోలేదు. ఇప్పటికీ మన ఆయకట్టు చివర ఉన్న రైతుల కష్టం తెలిసిన వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇది ఇంజనీరింగ్ కాదు, పంపకం. ఇంట్లో నలుగురు పిల్లలకు లీటరు పాలు సర్దే తల్లికి తెలిసిన విద్య.

హైదరాబాదు సంగతి మనందరికీ తెలిసిందే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని మింగింది. నిజాం సర్కారు పిలిస్తే 1909లో వచ్చి, ఊరికి పైన రెండు జలాశయాలు కట్టమని పథకం ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన పుణ్యమే. ఆ ఏడాదే మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా, 1912లో అక్కడే దివానుగా వెళ్లారు. దివాను పదవి ఒప్పుకునే ముందు తల్లినీ, చుట్టాలనూ కూర్చోబెట్టి, ఎవరూ సిఫార్సులు అడగకూడదని మాట తీసుకున్నారని చెబుతారు. మన ఇళ్లల్లో ఇప్పుడెవరైనా అట్లా అడిగి చూడండి, పెళ్లికి పిలవడం మానేస్తారు.

కృష్ణరాజసాగరం సంగతి పాఠాల్లో ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను. పాఠాల్లో ఉండనిది 1911లో మైసూరులో మొదలైన ఎకనామిక్ కాన్ఫరెన్సు. వ్యవసాయానికి, చదువుకు, పరిశ్రమలకు వేర్వేరు కమిటీలు వేసి, అధికారులనూ వ్యాపారులనూ రైతులనూ ఒకచోట కూర్చోబెట్టి, సంస్థానం ఎందుకు బీదగా ఉందో లెక్క తీయమన్నారు. చదువు రాకపోవడం మొదటి కారణంగా తేలింది. ఆయన దివానుగా ఉన్న ఆరేళ్లలో బడుల సంఖ్య రెట్టింపు దాటింది. 1913లో మైసూరు బ్యాంకు పెట్టారు. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరై, 2017లో ఎస్బీఐలో కలిసిపోయింది. 1916లో మైసూరు యూనివర్సిటీ.

ఇక గంధం సబ్బు. మనం స్నానానికి వాడుకునే ఆ సబ్బు వెనక ఎంత అర్థశాస్త్రం ఉందో చూడండి. మైసూరు అడవుల చందనం చెక్క అప్పట్లో ఓడలెక్కి జర్మనీ పోయేది. అక్కడ నూనె తీసి, ఎక్కువ ధరకు లోకమంతా అమ్ముకునేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ దారి మూసుకుపోయింది. గోదాముల్లో చెక్క గుట్టలు పడిపోయింది. ఆ చెక్కను ఎంతకో కొంతకు వదిలించుకునే బదులు, 1916లో నూనె తీసే ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టారు. కొద్దికాలానికే సబ్బూ వచ్చింది. ముడిసరుకు అమ్మేవాడు ఎప్పటికీ బీదవాడే, దాన్ని వస్తువుగా మార్చేవాడు బాగుపడతాడు. పల్లీలు మూటల్లెక్కన అమ్మేసి, నూనె డబ్బా కొనుక్కొచ్చుకునే మన అనంతపురం, కర్నూలు రైతులకు ఇదేమైనా తెలియని బాధా?

1918 చివర్లో ఆయన దివాను పదవి వదిలేశారు. ఇక్కడ నేను ఆయన పక్షాన నిలబడలేను. మైసూరు ఉద్యోగాల్లో బ్రాహ్మణులే ఎక్కువగా ఉన్నారని, వెనకబడిన కులాలకు వాటా కావాలని గట్టి డిమాండు వచ్చింది. మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు దాన్ని విని, ప్రధాన న్యాయమూర్తి మిల్లరు అధ్యక్షతన కమిటీ వేశారు. అర్హత తప్ప ఇంకేదీ చూడకూడదని విశ్వేశ్వరయ్య గారి వాదన. చదువు పెరిగితే అందరూ వాళ్లంతట వాళ్లే పైకొస్తారని ఆయన నమ్మకం. కానీ బడి మెట్లు తరతరాలుగా ఎక్కినవాళ్లకు, నిన్ననే ఎక్కినవాళ్లకు ఒకే పరుగు పందెం పెడితే అర్హత ఎవరి పక్షాన ఉంటుంది? కాలువ మొదట్లో ఉన్న చెరకు రైతుకు అడ్డు చెప్పిన మనిషికి ఇది తోచకపోవడం నాకు బాధే అనిపించింది. నీళ్లల్లో చూసిన వంతు కొలువుల్లో చూడలేకపోయారు. మా అమ్మాయి అయితే ఈ మాట మీద నాతో ఒక పూటంతా వాదించింది, నేను ఇంకా మెత్తగా రాస్తున్నానని.

పదవి పోయాక ఇంట్లో కూర్చోలేదు. జపాను, అమెరికా, యూరపు చుట్టి వచ్చారు. జపాను ఆయనకు కొత్త కాదు, 1898లోనే ఒకసారి వెళ్లి చూశారు. ఆసియాలో మనలాంటి దేశమే, బడులు పెట్టి ఫ్యాక్టరీలు పెట్టి ఎట్లా లేచి నిలబడిందో కళ్లారా చూసిన మనిషి. తిరుగుతున్నంతసేపూ ఆయన నోటుబుక్కులో పడేది అంకెలే. చదువుకున్నవాళ్లు నూటికి ఎందరు, తలసరి ఆదాయం ఎంత, రైలు మార్గం ఎంత. 1920లో లండన్‌లో అచ్చయిన ఆయన మొదటి పెద్ద పుస్తకం భారతదేశ పునర్నిర్మాణం గురించి. మన దేశాన్ని ఇంగ్లాండుతో, కెనడాతో, జపానుతో పక్కపక్కన నిలబెట్టి అంకెల్లో పోల్చి చూపించారు. ఇవాళ ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు ఏటేటా దేశాల పట్టికలు వేస్తున్నాయి చూశారూ, ఆ రెండు సంస్థలూ పుట్టడానికి పాతికేళ్ల ముందు ఒక తెలుగింటి మనిషి ఒంటిచేత్తో చేసిన పని అది.

1925లో భారత ప్రభుత్వం ఆర్థిక విచారణ సంఘం వేసి ఆయన్ని అధ్యక్షుణ్ని చేసింది. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ, నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి. మన దేశంలో మనిషికి ఏడాదికి ఎంత వస్తుంది, ఎంత తింటాడు, అప్పెంత, ఏ పంట ఎంత పండుతుందన్న లెక్కలు అప్పట్లో సరిగా ఎవరి దగ్గరా లేవు. దాదాభాయి నౌరోజీ ఎప్పుడో 1860ల నాటి ఆదాయం తలకు 20 రూపాయలని తేల్చి, తెల్లవాళ్లను నిలదీశారు. సర్కారు మాత్రం ఎప్పుడూ కుదురుగా కూర్చుని ఈ పద్దు రాయలేదు. రాస్తే ఏం బయటపడుతుందో దానికి తెలుసు కాబోలు! లెక్కలు చట్టప్రకారం, ఊరూరా, క్రమంగా సేకరించాలని విశ్వేశ్వరయ్య గారి సంఘం సిఫార్సు చేసింది. తెల్ల సర్కారు దాన్ని అటకెక్కించింది. దేశమంతా ఇల్లిల్లూ తిరిగి ఖర్చులు రాసుకునే నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది స్వాతంత్ర్యం వచ్చాక, 1950లో.

ఆ తర్వాతదే మా అమ్మాయి నా ముందు పెట్టిన పుస్తకం. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజులు. రష్యా పంచవర్ష ప్రణాళికలతో ముందుకు పోతోంది. ఆయనకు రష్యా దారి నచ్చలేదు. ఆస్తులు లాక్కోనక్కర లేదు, వ్యాపారం చేసేవాళ్లను చేయనిస్తూనే దేశమంతా కలిసి ఒక లక్ష్యం పెట్టుకోవచ్చన్నారు. పదేళ్ల ప్రణాళిక వేసి, ఆ పదేళ్లలో జాతి ఆదాయం రెట్టింపు చేయాలన్నారు. వానను నమ్ముకున్న సేద్యం మీద అంతమంది బతకలేరు, కొంతమందిని ఫ్యాక్టరీల్లోకి, చేతిపనుల్లోకి మళ్లించాలన్నది దాని వెన్నెముక. అప్పటికి ఆయన వయసు 70 దాటింది.

గాంధీజీకి ఈ యంత్రాల దారి నచ్చలేదు. ఈయనకు రాట్నంతో దేశం బాగుపడుతుందన్న నమ్మకం లేదు. ఇద్దరూ ఉత్తరాల్లో ఈ మాట దాచుకోలేదు. అయినా 1937లో ఒరిస్సా వరదల సమస్య వచ్చినప్పుడు గాంధీజీ సలహా అడగమన్నది ఈయన్నే. 1938లో సుభాస్ చంద్రబోసు కాంగ్రెసు అధ్యక్షుడిగా ఉండగా, నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడితే అందులో ఈయనా సభ్యులే. 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక వచ్చేసరికి ఈయన వయసు 90. తన చేతి రాత అందులో ఎక్కడుందో వెతుక్కున్నారో లేదో గానీ, ప్రణాళిక అన్న మాటను మన దేశంలో పుస్తకం వేసి మొదట చెప్పింది మాత్రం ఆయనే.

ఊరుకోలేదు మనిషి! 1946లో, 85 ఏళ్ల వయసులో, దేశంలోని పరిశ్రమల వాళ్లను వెంటబెట్టుకుని అమెరికా, యూరపు వెళ్లొచ్చారు. 90 దాటాక బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ వేయాలో చూసి, మొకామా దగ్గర వేయమని చెప్పారు. 1955లో భారతరత్న. 1962 ఏప్రిల్లో, నూరేళ్లు దాటి, బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన రాసుకున్న ఆత్మకథ పేరే ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు. పేరుకు తగ్గట్టే ఉంటుంది. కాలువలు, కమిటీలు, ప్రయాణాలు. వంటింటి గడప దగ్గర కలం ఆగిపోతుంది. ఇల్లు ఎవరు చూశారు, వేళకు అన్నం ఎవరు పెట్టారు, ఇస్త్రీ మడత నలగని ఆ కోటు వెనక ఎవరి చేతులున్నాయి అన్నది మనకు దొరకదు. నాకు దాన్ని తప్పుగా చూపించాలని లేదు, ఆ కాలపు మగవాళ్లంతా అట్లాగే రాసుకున్నారు. కానీ ఆయన లెక్కల్లోనూ ఇదే ఖాళీ ఉంది చూశారూ! ఆదాయమంటే పంట, సరుకు, జీతం. బిందె నీళ్లకు, రుబ్బురోలికి, పేడకళ్లకు, చంటిబిడ్డకు ఆ పద్దులో గడి లేదు. ఆయన ఒక్కడిదే కాదు, ప్రపంచంలో దేశాల ఆదాయం లెక్కగట్టిన పెద్దల్లో చాలామంది ఆ గడి వదిలేశారు. మన ప్రభుత్వం 2019లో దేశమంతటా ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేస్తే, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నట్టు తేలింది. దగ్గర దగ్గర అయిదు గంటలు!

మొన్న వేసవిలో మా అమ్మాయీ నేనూ కంభం వెళ్లాం. చెరువు చూద్దామని, అటునుంచి మోక్షగుండం పోదామని. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన చెరువది. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దారిలో ఒక ఊళ్లో బోరింగు దగ్గర ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు కూర్చునున్నారు. మధ్యాహ్నం ఎండ. మా అమ్మాయి బస్సు సంగతి మర్చిపోయి వాళ్ల పక్కన చతికిలబడింది. రోజుకు ఎన్ని బిందెలక్కా, ఒక్కోదానికి ఎంతసేపు నిలబడాలి, స్కూలు ఉన్న రోజు పాప వస్తుందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకోవడం మొదలుపెట్టింది. ఇది రాసుకుంటే నీళ్లొస్తాయా అమ్మీ అని ఒకామె నవ్వింది. ఇంకొకామె మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టి, పద్నాలుగు అని చెప్పింది. మాకు గిద్దలూరు బస్సు తప్పిపోయింది.